ఆరో చక్రం పలకలేదు

కంచరి మహానంది చెవి గురించి బేతంచెర్ల చుట్టుపక్కల ఊళ్ళలో చెప్పుకునేవాళ్ళు. సంతలో ఎవరైనా చెంబో తప్పేలో కొంటూ ఆయన్ను పిలిస్తే, వేలి గణుపుతో ఒక్కసారి తట్టి, "దీంట్లో సందుండాది, వద్దప్పా" అనేవాడు. పైకి నున్నగా మెరుస్తున్న చెంబు ఆ మాటతో అంగడివాడి గంపలోకి తిరిగిపోయేది. అట్లాంటి మనిషి 1955లో ఒక చక్రాన్ని తట్టి, అది పలికిన పలుకు విని కూడా విననట్టు ఉండిపోయినాడు. ఆ తర్వాత జరిగినదంతా నాకు ఆయనే చెప్పినాడు.

నేను 1957లో బేతంచెర్ల బోర్డు స్కూలుకు టీచరుగా పోయి, ఆయన ఇంటి ముందరి గది బాడుగకు తీసుకున్నా. బండల షెడ్డులో తిరిగే కంచు చక్రాలు ఈ ఊరి మనిషే కనిపెట్టినాడని ఎవరో చెప్తే, ఆ మనిషి మా ఇంటాయనే అని తెలిసి, సంబరపడి పోయి అడిగినా. ఆయన ఆకురాయితో ఏదో అరగదీస్తూ తల ఎత్తలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు కూడా. మూడో రోజు స్కూలు నుంచి వచ్చేసరికి అరుగు మీద కూర్చోనుండినాడు. "సార్, ఆ కత సగం తెలుసుకోని నన్ను పొగడొద్దండి. మొత్తం వినండి" అన్నాడు.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు మొదలైంది ఇదంతా. కర్నూల్లో సర్కారు కచేరీలు కొన్ని డేరాల్లోనే నడుస్తుండినాయి. కట్టే ప్రతి కట్టడానికీ నేల పరచడానికి బండలు కావాల. బేతంచెర్ల నాపరాళ్ళకు ఎప్పుడూ లేని గిరాకీ వచ్చింది. గనిలోంచి తీసిన బండ గరుకుగా ఉంటుంది. దాన్ని నునుపు చేయాలంటే ఆడవాళ్ళు ఇసకా నీళ్ళూ పోసి ఇంకో రాయితో పొద్దంతా రుద్దాల. బండల వ్యాపారి హనుమన్న కొత్తగా ఒక షెడ్డు వేసి, ఆయిలింజను పెట్టి, పట్టాతో తిరిగే సానచక్రం బిగించినాడు. తిరిగే చక్రం కింద బండను పెట్టి నీళ్ళు పోస్తూ ఉంటే గంటలో అద్దం మాదిరి అయ్యేది. చిక్కల్లా చక్రంతోనే. అది మద్రాసు నుంచి రైల్లో రావాల. వచ్చింది నెలకే అరిగిపోయేది. ఇంకోటి రావడానికి రెండు నెలలు.

హనుమన్నది పెద్ద గొంతు. మంచికైనా చెడుకైనా ఊరంతా వినపడేట్టు మాట్లాడతాడు. అరిగిపోయిన చక్రం ముక్క ఒకటి తెచ్చి మహానంది కొలిమి ముందర పడేసినాడు.

"ఏమప్పా మహానందీ, గుళ్ళకు గంటలు పోస్తావు, కలశాలు పోస్తావు. ఈ ముండ చక్రం పోయలేవా?"

మహానంది ఆ ముక్కను పగలగొట్టి చూసినాడు. గట్టిరాయి పొడిని ఏదో బంకతో కలిపి అదిమినారు. బంక మెత్తన కాబట్టి పొడి రాలిపోతా ఉంది. బంక బదులు కంచు పట్టుకుంటే? ఆ ఆలోచన వచ్చినాక ఆయనకు కూర్చుంటే నిలబడితే అదే ధ్యాస.

గట్టిరాయి పొడి ఊళ్ళో ఒక్కరి దగ్గరే దొరుకుతుంది. నూర్ బాషా కత్తులకు, కొడవళ్ళకు సానబట్టే మనిషి. మహానంది కంటే పదేళ్ళు పెద్ద. ఎర్రటి కురుందం రాళ్ళు ఏరి తెచ్చి, దంచి, జల్లించి, ఆ పొడిని లక్కలో కలిపి తన సానచక్రాలు తానే చేసుకునేవాడు. మహానంది మాట విని నవ్వినాడు.

"లక్కయితే పొడిని తల్లి మాదిరి అక్కున చేర్చుకుంటాది. కంచు చేర్చుకుంటాదో లేదో, చూద్దాం పదప్పా."

చేర్చుకోలేదు. మొదటిసారి కరిగిన కంచులో పొడి పోస్తే, అంతా పాల మీద మీగడ మాదిరి పైకి తేలింది. ఇంకోసారి పోస్తే మూసలో కంచు బుసబుసమని పొంగి, చల్లారినాక కోస్తే లోపలంతా దోసె మీద కండ్లున్నట్టు బొక్కలు. నూర్ బాషా ఆ ముక్కను ఎండలో అటూ ఇటూ తిప్పి చూసినాడు.

"పొడిలో చెమ్ముండాది. మన కంటికి కనపడదు గానీ ఉంటాది. అది ఆవిరై లోపల్నే దారి వెతుక్కుంటాది. పొడిని ఎర్రగా కాల్చల్ల. పొద్దున పెడితే మద్దేన్నం దాకా."

కాల్చిన పొడితో బొక్కలు పోయినాయి. తేలడం మాత్రం పోలేదు. ఆ చిక్కు విడదీసింది మహానంది పెండ్లాం సుబ్బలక్ష్మమ్మ. ఒకరోజు ఆమె సంకటి కెలుకుతూ, పక్కన తల పట్టుకొని కూర్చున్న మొగుణ్ణి చూసి అన్నది:

"నీళ్ళు నీళ్ళుగా ఉన్నెప్పుడు పిండేస్తే ఉండలు పైన తేలవా? కొంచెం గట్టిపడేటప్పుడు తెడ్డుతో కెలికితే యాడిదాడ నిలబడతాది."

కంచు కూడా అంతే. మంట మీంచి దించి, అది పూర్తిగా నీళ్ళ మాదిరి కాకుండా, గడ్డ కట్టకుండా, సంకటి పాకంలో ఉన్నప్పుడు వేడి పొడి కొంచెం కొంచెంగా చల్లుతూ ఇనప కడ్డీతో కెలికితే పొడి ఎక్కడికక్కడ నిలబడింది. కాలిన అచ్చులోకి దాన్ని తోసి, పైన ఇనప పలక పెట్టి, బరువైన బండతో అదిమితే గాలి బయటకు పోయింది. నాలుగు నెలలు పట్టింది ఆ మొదటి చక్రానికి. దాన్ని తాడుకు వేలాడగట్టి చెక్క సుత్తితో తట్టినాడు మహానంది. గంట మాదిరి కాకపోయినా, సన్నగా, శుద్ధంగా కంగుమన్నది. లోపల సందు లేదని దాని అర్థం.

ఆ చక్రం హనుమన్న షెడ్డులో మూడు నెలలు తిరిగింది. హనుమన్న కనపడినోళ్ళందరికీ చెప్పినాడు, "మద్రాసోళ్ళు చేయలేనిది మా మహానంది చేసినాడు" అని. షెడ్డుకు పోతే కుర్చీ వేయించేవాడు. పొడి నూర్ బాషాది, కాల్చే ఉపాయం నూర్ బాషాది, కెలికే ఉపాయం సుబ్బలక్ష్మమ్మది. ఆ మాట మహానంది ఎవరికీ చెప్పలేదు.

"అబద్ధం చెప్పలేదు సార్. ఊరకుంటినంతే. ఊరకుండేది ఆడ నేర్చుకున్నా" అన్నాడు నాతో.

1955 వానాకాలంలో కర్నూల్లో ఒక సర్కారు కట్టడానికి బండలు కావలసివచ్చి, హనుమన్న ఒకేసారి ఆరు చక్రాలు అడిగినాడు. గురువారం కర్నూలు నుంచి ఇంజనీరు వస్తాడనీ, ఆరు చక్రాలూ ఒక్కసారి తిరుగుతుంటే చూపించాలనీ ఆయన కోరిక. ఐదు చక్రాలు బాగా కుదిరినాయి. ఆరోది మంగళవారం పోయాల. ఆ రోజు తెల్లవారినప్పటి నుంచి ముసురు. బొగ్గు తడిసి మంట ఎక్కలేదు. పొడి ఎర్రబడలేదు. మద్దేన్నం దాకా కాల్చాల్సింది పొద్దున పదికే దించేసినాడు. కంచులో వేస్తుంటే చుయ్‌మన్నది.

ఆ చప్పుడు ఆయన విన్నాడు. కెలకడం మాత్రం ఆపలేదు.

మరుసటి రోజు అచ్చు పగలగొడితే చక్రం అంచు దగ్గర చింతగింజంత గుంత కనపడింది. వేలాడగట్టి తట్టినాడు. కుండ మీద కొట్టినట్టు మొద్దుగా టప్పుమన్నది. ఇంకోసారి తట్టినాడు. టప్పు. తాడు తడిసిందేమోనని తాడు మార్చినాడు. అయినా అంతే. పగలగొట్టి మళ్ళా పోయాలంటే రెండు రోజులు కావాల, ఇంజనీరు తెల్లవారితే వస్తాడు. 'మా మహానంది' అని హనుమన్న పెద్ద గొంతుతో చెప్పబోయే మాట ఆయనకు ముందే చెవిలో వినపడుతోంది.

చెక్కుడు పనికి వాడే లక్క ఇంట్లో ఉండింది. కరిగించి, దాంట్లో కొంచెం కురుందం పొడి, కొంచెం కంచు రజను కలిపి ఆ గుంత పూడ్చినాడు. సుబ్బలక్ష్మమ్మ వాకిట్లోంచి చూసింది.

"లక్క ఏల ఇప్పుడు?"

"అంచు నున్నగ జేస్తాండా. నీ పని నువ్వు చూసుకో."

ఇంజనీరు వచ్చినాడు, ఆరు చక్రాలూ తిరిగినాయి. ఆయన మహానంది చెయ్యి పట్టుకొని ఊపి, "మీలాంటివాళ్ళు కావాలండీ దేశానికి" అన్నాడు. అందరి ముందరా హనుమన్న మహానంది మెడలో కనకాంబరాల దండ వేసినాడు.

ఆరో చక్రం ఆదివారం పొద్దున పగిలింది. దాని దగ్గర నీళ్ళు పోసే ఈరక్క ముప్పై ఏండ్ల కూలి మనిషి. మొగుడు బావులు తవ్వే పనికి ఊళ్ళు తిరుగుతుంటాడు. చక్రం లోంచి అరచేతంత ముక్క ఎగిరి ఆమె ఎడమ మోచేతికి తగిలింది. బండి కట్టి స్టేషనుకు, రైల్లో నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయినారు. డాక్టర్లు చెయ్యి నిలబెట్టినారు గానీ, మోచెయ్యి మడత పడకుండా పోయింది. కర్ర మాదిరి బిగుసుకుపోయిన చెయ్యితోనే ఆమె ఇంటికి వచ్చింది.

చక్రం పగిలిన రోజే హనుమన్న మహానందిని, నూర్ బాషాను షెడ్డుకు పిలిపించినాడు. పగిలిన ముక్కలు బండ మీద పరిచినారు. విరిగిన చోట అందరికీ కనపడింది. గుప్పెడంత మేర కంచుకు అంటకుండా మిగిలిన పొడి, ముట్టుకుంటే రాలిపోతా ఉంది. చుట్టూ పొంగిన బొక్కలు.

హనుమన్న నూర్ బాషా వైపు తిరిగినాడు. "పొడి తడిపి ఇచ్చినావు గదా బాషా? కూలి మనిషి చెయ్యి పాయె!"

నూర్ బాషా బండ మీదికి వంగినాడు. అంచు ముక్క ఒకటి చేతిలోకి తీసుకొని, ముక్కు దగ్గర పెట్టుకొని, కిందికి దించినాడు. మహానంది ముఖంలోకి చూసినాడు.

"నువ్వు చెప్పప్పా. నా పొడి తడిగా ఉన్నిందా?"

షెడ్డులో ఆడవాళ్ళు పని ఆపి నిలబడి ఉన్నారు. ఇంజను కూడా ఆపేసినారు. మహానంది కిందికి చూసినాడు.

"వానాకాలం గదా... అయ్యుండొచ్చు."

ఆ ఒక్క మాట. నాకు ఇది చెప్తూ ఆయన, "నిజమన్నా చెప్పలేదు, అబద్ధమన్నా ధైర్యంగా చెప్పలేదు సార్. అయ్యుండొచ్చు అంటి. ఎంత దొంగమాట చూడండి" అన్నాడు.

హనుమన్న ఆ రోజే నూర్ బాషాను షెడ్డు గడప తొక్కొద్దన్నాడు. ఆ పెద్ద గొంతు మాట ఊరంతా పాకింది. బాషా సాన పడితే కత్తి పెళుసవుతుందనే దాకా పోయింది. కొడవళ్ళు తెచ్చేవాళ్ళు తగ్గిపోయినారు. కార్తీకం వెళ్ళకముందే నూర్ బాషా, ఆయన పెండ్లాం జులేఖా బీ మూటలు కట్టుకొని, ఆమె తమ్ముడుండే వేంపల్లెకు బయల్దేరినారు. సానచక్రాన్ని భుజాన పెట్టుకొని నూర్ బాషా మహానంది ఇంటి ముందర్నుంచే స్టేషనుకు పోయినాడు. మహానంది తలుపు సందులోంచి చూస్తూ నిలబడినాడు. బయటకు రాలేదు.

మాటవరసకైనా చూడకపోతే బాగుండదని ఒకరోజు ఈరక్క ఇంటికి పోయినాడు. ఆమె పడక మీంచి లేచి, చాప వేసి, కుడిచేత్తోనే మజ్జిగ ముంచి ఇచ్చింది.

"నువ్వేం జేస్తావులే నందన్నా, పొడి మంచిది గాకపోతే. వచ్చి చూసినావు, అది శానా."

ఆయన ఆ మజ్జిగ తాగి, చెంబు కింద పెట్టి, వస్తానని చెప్పి వచ్చేసినాడు.

అప్పటి నుంచి సంతలో ఎవరైనా చెంబు తట్టి చూడమంటే, "చెవి సరిగ్గా వినపడ్డం లేదప్పా" అనేవాడు. కొలిమి ఎక్కువగా వెలిగించలేదు. హనుమన్న కొత్త పొడి ఎక్కడి నుంచైనా తెప్పిస్తానంటే, ఒంట్లో బాగలేదన్నాడు. రెండు నెలలు అట్లా గడిచినాయి. ఒక మద్దేన్నం సంకటి పెడుతూ సుబ్బలక్ష్మమ్మ అన్నది:

"నువ్వు లక్క పెడ్తాంటే నేను చూసినా. బాషన్నను తిట్టినారని తెలిసినప్పుడు నేనూ నోరు మూసుకుంటి. జులేఖక్క పొయ్యేటప్పుడు నా చెయ్యి పట్టుకోని ఏడ్చింది. ఆ చెయ్యితో నీకు సంకటి పెడ్తాండా."

మహానంది ముద్ద వదిలేసి లేచినాడు. మరుసటి రోజు తెల్లవారి రైలెక్కి, గుంతకల్లులో మారి, ముద్దనూరులో దిగి, రెండు బస్సులెక్కి, ఆ మరుసటి రోజు వేంపల్లె చేరినాడు. నూర్ బాషా బజారులో తానుండే ఇంటి పంచ కింద కూర్చొని కత్తెరకు సాన పడుతున్నాడు. మహానందిని చూసి కాలితో తొక్కడం ఆపలేదు. ఆ కత్తెర పూర్తిచేసి, బట్టతో తుడిచి, తెచ్చినవాడికి ఇచ్చి పంపినాక,

"ఏమప్పా, ఇంత దూరం" అన్నాడు.

మహానంది అంతా చెప్పినాడు. పొడి సరిగ్గా కాల్చని సంగతి, చుయ్‌మన్న సంగతి, టప్పుమన్న సంగతి, లక్క సంగతి. చెప్పి, "నీ పొడిలో తప్పు లేదు బాషన్నా" అన్నాడు.

"నాకు ఆ పొద్దే తెలుసు" అన్నాడు నూర్ బాషా.

"ఎట్లా?"

"నలబై ఏండ్లుగా లక్కలో బతికినోణ్ణి. ఆ ముక్క ముక్కుకాడ పెట్టుకుంటే లక్క వాసన రాదా?"

మహానంది పంచ అంచున కూర్చున్నాడు. "మరి ఆడ్నే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావని నిలబడినా. నీ ముఖం చూసి అడిగితి గదా. నేను చెప్తే నిన్ను నేను పట్టిచ్చినట్టయితాది. నువ్వు చెప్తే నువ్వు మనిషిగా నిలబడినట్టయితాది. నిలబడతావనుకున్నా."

జులేఖా బీ లోపలి నుంచి టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, మహానంది వైపు చూడకుండానే వెళ్ళిపోయింది. నూర్ బాషా ఇంకో కత్తి చేతిలోకి తీసుకున్నాడు.

"ఈడికొచ్చి నాకు చెప్తే ఏమొస్తాది? నాకు తెలిసిందే గదా. తెలియనోళ్ళు ఆడుండారు. పో."

మహానంది తిరిగి వచ్చిన రోజు ఇంటికి కూడా పోకుండా నేరుగా షెడ్డుకు పోయినాడు. మద్దేన్నం, ఆడవాళ్ళంతా సద్ది తింటున్నారు. ఈరక్క కూడా ఉండింది. హనుమన్న ఆమెకు బండల మీద సుద్దతో గుర్తులు పెట్టే పని ఇచ్చినాడు. మహానంది వాళ్ళ ముందర నిలబడి, వేంపల్లెలో చెప్పిందంతా ఇంకోసారి చెప్పినాడు. ఇంజను ఆగి ఉంది కాబట్టి ఎవరికీ ఏ మాటా తప్పిపోలేదు.

హనుమన్న ముఖం నల్లబడింది. మొదటిసారి ఆయన గొంతు చిన్నగా వచ్చింది. "నీ మెడలో దండ వేస్తి గదప్పా. ఏ పాపమూ తెలీని ముసలాయన్ను ఊరిడిపిస్తి గదప్పా నీ మాట విని."

ఈరక్క లేచి నిలబడింది. కొంగు తీసి ఎడమ చెయ్యి మీద కప్పుకున్నది.

"నా ఇంటికొచ్చి మజ్జిగ తాగి పోతివి గదా" అన్నది. అంతే అన్నది. సద్ది గిన్నె తీసుకొని షెడ్డు అవతలి పక్కకు వెళ్ళిపోయింది. మిగతా ఆడవాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు ఆమె వెంట పోయినారు. మహానంది, హనుమన్న ఇద్దరే మిగిలినారు.

హనుమన్న స్వయంగా వేంపల్లెకు పోయి నూర్ బాషాను పిలుచుకొచ్చినాడు. తాను ఎక్కడ తిట్టినాడో అక్కడే, అంత గట్టిగానూ తప్పు ఒప్పుకున్నాడు. నూర్ బాషా విన్నాడు, టీ తాగినాడు, మళ్ళా వేంపల్లెకే పోయినాడు. ఆడ కుదురుకున్నామన్నాడు. పొడి మాత్రం మూటలు కట్టి రైల్లో పంపుతానన్నాడు, ఇప్పటికీ పంపుతున్నాడు. మహానందికి జాబు రాస్తే పొడి ఎంత సన్నంగా జల్లించిందీ, ఎంతసేపు కాల్చాల్సిందీ రాస్తాడు. ఇంకేమీ రాయడు.

ఏడాదిపాటు షెడ్డులో మద్రాసు చక్రాలే తిరిగినాయి. తర్వాత హనుమన్నే వచ్చి మళ్ళా పోయమన్నాడు. మహానంది ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. ప్రతి చక్రాన్నీ షెడ్డులో, పనిచేసే ఆడవాళ్ళ ముందర వేలాడగట్టి తట్టాల. వాళ్ళలో ఏ ఒక్కరు మొద్దుగా ఉందన్నా అక్కడే పగలగొట్టాల. పలికిన చక్రాన్ని కూడా మొదటి పూట అందరినీ దూరంగా పంపి, ఆయనొక్కడే దగ్గర నిలబడి నడపాల. నేనున్న కాలంలో తొమ్మిది చక్రాలు పోసినాడు. రెండు పగలగొట్టించినాడు. వాటిలో ఒకటి నా చెవికి బాగానే పలికింది. ఒక ముసలామె మాత్రం ఒప్పుకోలేదు. పగలగొట్టి చూస్తే లోపల ఏ సందూ లేదు. ఆయన ఆ ముక్కలు మూట కట్టుకొని, మళ్ళా కరిగించడానికి ఇంటికి తెచ్చినాడు, ఆ ముసలామెను ఒక్క మాట అనలేదు.

ఈరక్క ఆయనతో ఇప్పటిదాకా మాట్లాడలేదు. చక్రాలు తట్టేటప్పుడు వచ్చి వెనక నిలబడుతుంది, వింటుంది, పోతుంది. ఆమె వస్తుంటే ఆయన దారిలోంచి పక్కకు తప్పుకుంటాడు.

నేను బేతంచెర్ల నుంచి బదిలీ అయి పోయే వారంలో ఉండబట్టలేక అడిగినా, "ఆమెను క్షమించమని ఒకసారైనా అడగలేదా?" అని.

ఆయన చేతిలో ఉన్న ఆకురాయి కింద పెట్టినాడు.

"అడిగితే ఆయమ్మ ఏదో ఒకటి చెప్పాల్సొస్తాది గదా సార్. కాదంటే ఆయమ్మకే బాధ, ఔనంటే మనసులో లేంది చెప్పినట్టు. ఆ బరువు గూడా ఆయమ్మ మీద పెట్టేదెందుకు?"

అని లేచి, పొద్దున్నించి కాలుతున్న పొడి ఎర్రబడిందో లేదో చూడ్డానికి పోయినాడు. ఇంకా ఎర్రబడలేదు. బొగ్గు ఇంకొంచెం వేసి, పక్కనే గొంతుకూర్చున్నాడు.